ఏనుగు కంటే పై మెట్టు

ఫిబ్రవరి నెల రెండవ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, హోసూరు సీమలో కెలమంగలానికి నాలుగు మైళ్ల దూరంలోని ఒక ఊరిలో, నరసింహప్పగారి ఇంటి వసారాలో సమావేశమైనవారి వరుస ఈ విధంగా ఉన్నది. నడుమ, చేతుల కుర్చీలో నరసింహప్పగారు. ఆయన కుడి పక్కన బెంచీ మీద ఊరి పెద్ద అశ్వత్థప్ప. ఆ పక్కన, పిల్లల దడుపుకు విభూతి మంత్రించి ఇచ్చే శేషప్ప. ఎడమ పక్కన చాప మీద నరసింహప్పగారి కాలం చేసిన తమ్ముని భార్య దొడ్డమ్మ. వాకిలి మెట్టు మీద, అందరికీ వీపు పెట్టి, ఆమె చిన్న కొడుకు యతీశ్. ఆ సమావేశం అతని గురించే. గడప లోపల, తలుపు చాటున, దొడ్డమ్మ పెద్ద కోడలు సుబ్బక్క నిలుచుని ఉన్నది. ఆనాడు వరుసలో ఆమెను ఎవరూ లెక్కించలేదు. తరువాతి కాలంలో నరసింహప్పగారు ఆ ఉదయాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా, అన్నిటికంటే ముందు ఆయనకు తగిలేది ఆ లెక్క తప్పే.

నరసింహప్పగారు హోసూరులో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించి, ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మనిషి. బస్సు మీద రాసిన ఊరి పేరులో అక్షరం తప్పితే కండక్టరును పిలిచి చెప్పేవారు. తమ్ముడు పోయిన తరువాత అతని కొడుకులు దాసప్పనూ, యతీశ్‌నూ తమ చేతి మీదుగా పెంచారు. వారికి అక్షరాలు నేర్పింది ఆయనే, బావిలోకి తోసి ఈత నేర్పిందీ ఆయనే. ఆయన మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. ఉండవలసిందని ఆయనకు అప్పటికి తోచలేదు.

జరిగినది ఇది. నవంబరు ఆఖరి వారంలో, రాగి చేలు కోతకు వచ్చిన వేళ, ఏటా వచ్చినట్లే అడవి దాటి ఏనుగులు వచ్చాయి. అన్నదమ్ములిద్దరూ మంచె మీద చేను కాపలా ఉండి, తెల్లవారిన తరువాత మంచులో ఇంటిదారి పట్టారు. మల్బరీ తోట పక్కన ఒక కొమ్మ ఫెళ్లున విరిగింది. మరి పది అడుగులు వేశారో లేదో, ఒంటి ఏనుగు తోటలోనుంచి వచ్చి, ముందు నడుస్తున్న అన్న దాసప్పను అక్కడికక్కడే చంపింది. వెనక ఉన్న యతీశ్ కట్టెలా నిలుచుండిపోయాడు. అది అతనివైపు ఒక్కసారి చూసి, వచ్చిన దారినే మళ్లిపోయింది. ఊరికి తెలిసిన కథ అంతే.

ఆ నాటినుంచి యతీశ్ నిద్రపోలేదు. రెప్ప పడితే కేక పెట్టి లేచేవాడు. పట్టుపురుగుల పెంపకంలో ఆ చుట్టుపక్కల అతని చేతికి ఎదురులేదని పేరు. ఇప్పుడు పురుగుల ఇంటి వైపే పోడు. పొయ్యి దగ్గర పుల్ల విరిచిన పాపానికి కన్నతల్లిని కసిరి కొట్టబోయాడు. పలకరిస్తే ముఖం చూడడు. చూసినా, ఆ చూపు మనిషిని దాటి ఎక్కడికో పోతుంది. దొడ్డమ్మ ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పి కొంగుతో ముఖం తుడుచుకున్నది.

అశ్వత్థప్ప వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు కాబోలు, తలుపు వైపు తిరిగాడు.

“పట్టుపురుగైనా గూట్లో పది పన్నెండు దినాలే ఉంటుంది. నీ మరిది మూడు నెలలాయె. యెప్పుడు బయటికొస్తాడమ్మా?”

“వచ్చేలోపలే మనము నీళ్లలో ఉడకేస్తాము గదా మామా,” అన్నది సుబ్బక్క లోపలినుంచి. “అది తెలిసిన పురుగు యెట్లొస్తుంది?”

శేషప్ప నవ్వాడు. దొడ్డమ్మకు కూడా పెదవి కదిలింది. మెట్టు మీది వీపు మాత్రం కదలలేదు.

అప్పుడు శేషప్ప తనకు తెలిసిన విరుగుడు చెప్పాడు. దడుసుకున్న పిల్లలను ఏనుగు కడుపు కింద మూడుసార్లు దూరిస్తే దడుపు దిగిపోతుందని ఆ సీమలో అందరూ ఎరిగినదే. కావేరిపట్టణం అవతల ఒక జాతరకు వచ్చే వారం గుడి ఏనుగు వస్తున్నది. “ఏనుగు పెట్టిన దడుపు, ఏనుగే తియ్యాలప్పా,” అన్నాడతను.

మంత్రాలంటే నరసింహప్పగారికి చిన్నచూపు. కాని ఈ మాటలో ఆయనకు మంత్రం కనబడలేదు, పాఠం కనబడింది. నీళ్లకు జడిసినవాడికి నీళ్లే మందు. తాను అట్లాగే ఈత నేర్చుకున్నారు, అట్లాగే నేర్పారు. జడిసిన దానికి ఎదురు నిలిపితే జడుపు పోతుందని చదివిన పుస్తకాలలో కూడా ఎక్కడో ఉన్నట్లు జ్ఞాపకం. శేషప్ప నమ్మకానికి తమ చదువును జోడించి, ఆయన తీర్పు చెప్పారు: పిల్లవాణ్ని తీసుకుపోదాము, నేనే వస్తాను.

“మామా, ఒక మాట,” అని మళ్లీ సుబ్బక్క గొంతు వినబడింది. ఈసారి ఆ గొంతులో పరిహాసం లేదు. “ఆయప్పకు బయం ఏనుగుతో కాదు. కొమ్మ విరిగితే బయం. నేను దినామూ చూస్తానే ఉండాను—”

నరసింహప్పగారు అరచెయ్యి ఎత్తారు. తరగతిలో వెనక బల్లనుంచి లేచిన గొంతును ఆపడానికి ఎత్తే చెయ్యి అది.

“నీ మాట తరువాత విందాములేమ్మా.”

 ఆమె ఏమి చెప్పబోయిందో ఆయన అప్పుడే విని ఉంటే, ఇంకేమీ వినవలసిన అవసరం ఉండేది కాదు. ఆ ఊరిలో పట్టుపురుగులకు మల్బరీని కొమ్మలతోనే కోసి పరుస్తారు, పని తేలిక. భర్త దాసప్ప పోయిన నెలలోపే సుబ్బక్క ఒకటి గమనించింది. కొడవలి కింద కొమ్మ ఫెళ్లుమన్న ప్రతిసారీ యతీశ్ ముఖం మట్టిరంగుకు తిరుగుతుంది, ఉన్నవాడు ఉన్నచోట ఉండడు. అదే మనిషి అడవి అంచున పశువులను తోలుకురావడానికి జంకడు. నాటినుంచి ఆమె కొమ్మ కొయ్యడం మానింది. మూడింతల శ్రమ అయినా సరే, ఆకు ఆకుగా గిల్లి తట్టలకెత్తి, పురుగులను బతికించుకున్నది. రోగమేమిటో ఆమెకు తెలియదు. అది ఎక్కడ గుచ్చుకుంటున్నదో ఆ ఇంట్లో ఆమె ఒక్కతెకే తెలుసు.

జాతరనాడు మధ్యాహ్నం ఎండ చురచురలాడుతున్నది. గుడి ముందర పందిరి కింద ఏనుగు నిలుచుని ఉన్నది. తల్లులు పసిపిల్లలను దాని కడుపు కింద అటునుంచి ఇటు అందించుకుంటూ నవ్వుతున్నారు; పిల్లలూ నవ్వుతున్నారు. నరసింహప్పగారు యతీశ్ మణికట్టు పట్టుకొని నడిపించారు. అతను మాట్లాడకుండా నడిచాడు. చూశారా, ఏమీ కాదు, అనుకున్నారాయన.

సరిగ్గా అప్పుడే మావటివాడు ఏనుగుకు వేయడానికి తెచ్చిన పచ్చి రావి మండను మోకాటి మీద పెట్టి విరిచాడు.

యతీశ్ నోటినుంచి వచ్చినది కేక అనడానికి వీలులేదు. “అన్నా, ఆగు. అన్నా, ఆగు,” అని, పక్కన నడిచే మనిషితో చెప్పినట్లు, మెల్లగా, ఎడతెగకుండా అన్నాడు. వెనక్కి లాగాడు. పట్టుకున్న చేతిని కొరికాడు. అది పెద్దనాయన చెయ్యి అని అతనికి తెలియదు. నరసింహప్పగారికి రక్తం వచ్చింది, రోషమూ వచ్చింది. ఇంతమందిలో పరువేమి కావాలి? ఆయన పక్కవారికి సైగ చేశారు. నలుగురు అతన్ని వంచి, ఏనుగు కడుపు కింద ఒకసారి ఈడ్చారు, రెండవసారి ఈడ్చారు. ఆయన ఎదుట నిలుచుని, బడి గంట కొట్టాక పిల్లలను తరగతిలోకి తోలే గొంతుతో, “రా. నడువు. భయమేమున్నది?” అంటూనే ఉన్నారు. మూడవసారికి యతీశ్ పెనుగులాడడం మానేశాడు. పంచె తడిసి ఉన్నది. కళ్లు తెరిచే ఉన్నాయి.

“దిగిపోయినట్లుంది,” అన్నాడు శేషప్ప.

నరసింహప్పగారు ఆ మాట నమ్మారు. ఆ నమ్మకాన్ని తలచుకుంటే తరువాత ఆయనకు నిప్పు మీద కూర్చున్నట్లుండేది.

ఇంటికి వచ్చిన యతీశ్ మాట మానేశాడు. తల్లితో లేదు, ఎవరితోనూ లేదు. పెట్టిన ముద్ద పెట్టినట్లే ఉండేది. పందొమ్మిదవ నాడు ఉదయం పక్క మీద మనిషి లేడు. ఊరు బస్టాండు వైపు, బావుల వైపు పరుగెత్తింది. సుబ్బక్క ఎవరితోనూ చెప్పకుండా మల్బరీ తోట వైపు నడిచింది. దాసప్ప పడిపోయిన చోట, చేని గట్టు మీద, అతను మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకొని కూర్చుని ఉన్నాడు. ఏమి చేస్తున్నావని ఆమె అడగలేదు. పక్కన కూర్చున్నది. ఎంతసేపటికో అతనే చెప్పాడు, ఏనుగు కోసం చూస్తున్నానని. తనను ఎందుకు విడిచిపెట్టిందో దాన్ని అడగాలట. ఆ తరువాత, మూడున్నర నెలలుగా గొంతులో ఇరుక్కున్నది బయటికి వచ్చింది.

“కొమ్మ విరిగినప్పుడు అన్న నిలిచినాడు వదినా. ఏమిరా అది అనినాడు. ఎనుమేలే అన్నా, పో, అనినాను. నేనే పొమ్మనినాను.”

ఎవరిదో గేదె కొమ్మ విరిచిందనుకొని అతను అన్న మాట అది. తన పసుపు కుంకాలను ఆ ఒక్క మాట తీసుకుపోయిందని ఆ ఘడియలో సుబ్బక్కకు తోచిందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు. లేచి, కొంగు బిగించి, “పద,” అన్నది. ఇంటి వైపు తిప్పలేదు. నేరుగా కెలమంగలం నడిపించి, రాయకోట మీదుగా పోయే బస్సెక్కించి, కృష్ణగిరిలో పెద్దాసుపత్రి మెట్లెక్కించింది. పురుగు గుడ్ల కోసం కృష్ణగిరి వచ్చిన రోజులలో ఆ ఆసుపత్రి గోడ మీద ఒక బొమ్మ చూసి ఉన్నది, మనసు జబ్బుల వైద్యానికని వేసిన, తల పట్టుకున్న మనిషి బొమ్మ. ఆ గది ఎక్కడ అని అడుగుతూ పోయింది.

నాలుగు నెలలు నిండని వితంతువు మరిదిని వెంటబెట్టుకొని, పెద్దవారిని అడగకుండా బస్సెక్కిందన్న వార్త సాయంత్రానికి నరసింహప్పగారికి చేరింది. ఆయన మరునాడు ఉదయమే ఇస్త్రీ చొక్కా తొడిగి, గొడుగు పట్టుకొని, ఇద్దరినీ వెనక్కి తీసుకురావడానికి కృష్ణగిరి వెళ్లారు.

అక్కడ మనసు వైద్యం చేసే డాక్టరు రశ్మి ముప్పై అయిదేళ్లు దాటని మనిషి. నరసింహప్పగారు తమ పరిచయాన్నీ, అభ్యంతరాన్నీ తప్పులేని ఇంగ్లీషులో వివరించారు. ఆమె చివరిదాకా విని, వేప్పనపల్లి వైపు పల్లెల తెలుగులో జవాబు చెప్పింది. ఘోరం చూసినవారికి పట్టే ఈ జబ్బును పీటీఎస్‌డీ అంటారన్నది. పొడి అక్షరాల వెనక ఉన్న ఇంగ్లీషు మాటలు నాలుగూ ఆయనకు వచ్చు. విడివిడిగా ఎన్నో ఏళ్లు బోధించారు. నాలుగూ కలిసి ఒక మనిషిలో కాపురం పెడితే ఎట్లా ఉంటుందో, తమ ఇంట్లో మూడు నెలలు చూస్తూ కూడా ఆయన చదువుకోలేకపోయారు.

ఆ కొమ్మ చప్పుడు యతీశ్‌కు పాత సంగతిని గుర్తు చెయ్యడం లేదని ఆమె చెప్పింది. గుర్తు రావడమంటే అయిపోయిన సంగతి. అతనికి అది ఇంకా అయిపోలేదు. విరిగిన ప్రతిసారీ అన్న మళ్లీ ముందు నడుస్తున్నాడు, తాను మళ్లీ పొమ్మంటున్నాడు. నిద్ర లేకపోవడం, కోపం, మనుషులనుంచి తప్పుకోవడం, తప్పంతా తనదే అనుకోవడం, అన్నీ ఒకే వేరు. ఇది పిరికితనం కాదు, సోమరితనం కాదు. మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉన్నది. నెలలు పడుతుంది, చాలామంది కోలుకుంటారు.

“ఎదురు నిలపాలనే కదా నేనూ చేశాను,” అన్నారు నరసింహప్పగారు. ఈత సంగతి, బావి సంగతి చెప్పారు. ఆయనకు తెలియకుండానే మాట తెలుగులోకి దిగింది.

“మీరు బావిలోకి తోసినారు పెద్దాయనా,” అన్నదామె. “మేము మెట్లు కట్టి దించుతాము. అదీ ఆయప్ప సరే అంటేనే, ఒక్కో మెట్టు. కాలు వెనక్కి తీసుకునే హక్కు ఆయప్పదే. అది మీరు తీసేసినారు.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కొంత సులువయ్యేది.

వరండాలో సుబ్బక్క కూర్చుని ఉన్నది. యతీశ్‌ను అడిగి, సరేననిపించుకొని వచ్చి, చేని గట్టు మీద విన్న మాట ఆమె ఆయనకు చెప్పింది.  ఆనాడు నువ్వు చెప్పబోయినది ఏమిటమ్మా అని అప్పుడు ఆయన అడిగారు. ఆమె చెప్పింది, ఆకు గిల్లిన సంగతి సహా. ఆ “తరువాత” రావడానికి దాదాపు నెల పట్టింది.

వారానికొకసారి, ప్రతి గురువారం, వదినా మరిదీ కృష్ణగిరి బస్సెక్కేవారు. నోళ్లు ఊరుకోలేదు. కెలమంగలం సంతలో ఎవరో ఏదో అంటే, “నీకు కాలు విరిగితే నీ పెండ్లాము ఎత్తుకొని పోదా? ఈయప్పకు విరిగింది కనబడదు, అంతే,” అని సుబ్బక్క బుట్ట నెత్తికెత్తుకున్నదట. యతీశ్ నిద్రపోవడం మొదలుపెట్టాడు. తల్లితో మాట కలిపాడు. మేలో పురుగుల ఇంట్లో అడుగుపెట్టాడు.

కాని పెద్దనాయన కనబడితే పక్క సందులోకి తిరిగేవాడు. ఇది సిగ్గు కాబోలు, కాలం గడిస్తే పోతుందిలే అని నరసింహప్పగారు తమకు తాము చెప్పుకున్నారు.

ఆగస్టులో ఒక గురువారం వాళ్లు ఊరిలో లేని సమయాన, కొత్త పంట చూద్దామని ఆయన పురుగుల ఇంట్లోకి వెళ్లారు. నాలుగో జ్వరం దాటి, కుబుసం విడిచిన పురుగులు ఆకు మేస్తుంటే సన్నని వాన కురుస్తున్నట్లున్నది. గూళ్లు కట్టడానికి సిద్ధం చేసిన వెదురు చంద్రికలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి పైన మేకుకు, పాత క్యాలెండరు అట్ట వెనక పక్కన, యతీశ్ చేతిరాతలో ఒక పట్టిక వేలాడుతున్నది. చేతిరాత తాము దిద్దించినదే గనుక ఆయన ఆగి చదివారు.

కిందినుంచి పైకి పది మెట్లు. ఒక్కొక్క మెట్టు పక్కన, అది తలచుకుంటే ఎంత భయమో, నూటికి ఇన్ని అని ఒక అంకె. ఎండు పుల్ల తన చేత్తో తాను విరవడం, ఇరవై. వదిన మల్బరీ కొమ్మ కొస్తుంటే వాకిట నిలబడి వినడం, నలభై. మంచులో గట్టు మీద నడవడం, అరవై అయిదు. అన్న పడిన చోట నిలబడి జరిగినది మొదటినుంచి చివరిదాకా చెప్పడం, ఎనభై. తొమ్మిదవ మెట్టు, దూరంనుంచి నిజం ఏనుగును చూడడం, తొంభై. కింది అయిదింటికీ నీలి సిరాతో టిక్కు పెట్టి ఉన్నది.

పదవ మెట్టు అన్నిటికంటే పైన ఉన్నది. పెద్దనాయన ఎదురుగా కూర్చోవడం. తొంభై అయిదు.

నరసింహప్పగారు ముప్పై నాలుగేళ్లలో వేలమందికి మార్కులు వేశారు. తమకు పడిన మార్కు అదొక్కటే. అలవాటు కొద్దీ అక్షర దోషం కోసం వెదికారు, ఎక్కడా లేదు. పురుగులు ఆకు మేస్తూనే ఉన్నాయి. ఆయన చెప్పులు చేతబట్టుకొని, అడుగుల చప్పుడు కాకుండా బయటికి వచ్చారు.

ఆనాటినుంచి ఆయన వీధిలో గొంతెత్తి ఎవరినీ పిలవలేదు. యతీశ్ పొలానికి పోయే దారి వదిలి, చుట్టు దారిన నడిచేవారు. ఒకనాడు సుబ్బక్కను పిలిచి, తాను హోసూరులో గది తీసుకొని ఉంటే పిల్లవాడికి మేలవుతుందేమో డాక్టరునడిగి చెప్పమన్నారు. ఆమె డాక్టరుదాకా పోనివ్వలేదు.

“వద్దు మామా. మీరు ఈడనే ఉండండి. ఎక్కేవాడు పైకొచ్చేసరికి మెట్టు లేకుంటే యెట్ల?”

ఆయన హోసూరు పోలేదు. 

నవంబరులో దాసప్ప సంవత్సరీకం వచ్చింది. కర్మ ముగిసిన తరువాత అందరూ అదే వసారాలో కూర్చున్నారు. చేతుల కుర్చీ ఖాళీగా ఉన్నది. బెంచీ మీద అశ్వత్థప్ప, శేషప్ప, వారి పక్కన యతీశ్. అప్పటికి ఎనిమిది టిక్కులు పడ్డాయని దొడ్డమ్మ ద్వారా నరసింహప్పగారికి తెలుసు. పైవి రెండూ మిగిలి ఉన్నాయి. చాప మీద దొడ్డమ్మ, ఆమె పక్కన, ఈసారి గడపకు ఇవతల, సుబ్బక్క. వాకిలి మెట్టు మీద, అందరికీ వీపు పెట్టి, వీధి వైపు ముఖం పెట్టుకొని నరసింహప్పగారు. తమ ముఖం ఆ పిల్లవాడికి ఎదురు పడకుండా ఆయన ఏరుకున్న చోటు అది. చేతిలో రెండు మడతల కాగితం ఉన్నది. దాన్ని చదవవచ్చునా, తన గొంతు వినడం అతనికి ఇబ్బందా అని ముందురోజే సుబ్బక్క చేత అడిగించారు.

ఆయన గొంతు సవరించుకోగానే బెంచీ కిర్రుమన్నది. ఎవరో లేచారు. ఆయన ఆగిపోయారు. తిరిగి చూడలేదు.

కొంతసేపటికి బెంచీ మళ్లీ కిర్రుమన్నది.

“చదవమను వదినా,” అన్నాడు యతీశ్. “నేను ఈడనే ఉంటాను.”

నరసింహప్పగారు కాగితం విప్పి, వీధికి చెప్పుకున్నట్లు, నెమ్మదిగా చదివారు:

“నరసింహప్ప అను నేను, గడచిన ఫిబ్రవరి నెలలో ఇదే వసారాలో సుబ్బక్క చెప్పబోయిన మాటను చెయ్యెత్తి ఆపినాను. ఆమె మాట నిజము. నా తీర్పు తప్పు. దాని ఫలితమును నేను కాక, నా బిడ్డ అనుభవించినాడు. ఇందుకు నేను ఎవరి క్షమను అడుగుటకును అర్హుడను కాను. ఎవరూ గుర్తించని రోగమును గుర్తించి, వినినంతనే ఎవరైనను ముఖము తిప్పుకొనదగిన మాటను తన చెవులార వినియు, ఆ మనిషిని విడువక, ఎవరి అనుమతి కొరకును ఆగక, వైద్యురాలియొద్దకు తీసికొనిపోయి, ప్రతి గురువారమును తోడు నడచి, ఈ ఇంటి బిడ్డను ఈ ఇంటికి తిరిగి తెచ్చినది మా కోడలు సుబ్బక్క. ఆమె చేసిన ఈ కార్యమును ఈ కుటుంబము పక్షమున, ఇక్కడ కూర్చున్న పెద్దల ఎదుట, నేను చేతులు జోడించి అంగీకరించుచున్నాను.”